తిరగబడిన అడ్డుపలక

హజరత్తయ్య నోరు తెరిస్తే ముందు రక్తం వచ్చింది, ఆ తరువాతే మాట వచ్చింది.

"నేను చంపలేదు మేడమ్."

లాకప్ గోడకు ఆనుకుని ఉన్నాడు. కూర్చున్నాడు అనడానికి లేదు. కొట్టి కొట్టి ఎక్కడ వదిలేశారో అక్కడే ఒరిగి ఉండిపోయాడు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. అరికాళ్లు నేలకు ఆనించలేక పక్కకు తిప్పి పెట్టుకున్నాడు. రెండు చేతులతో పొట్టను అదిమి పట్టుకున్న తీరు చూసి ఆనందకుమారికి భయం వేసింది. పదేళ్లు ఎస్సైగా పనిచేసి, ఉద్యోగం వదిలేసి నెల్లూరులో ప్రైవేట్ డిటెక్టివ్‌గా బతుకుతున్న మనిషి ఆమె. లాకప్పుల్లో దెబ్బలు తిన్నవాళ్లను చాలామందిని చూసింది. పొట్టను అలా పట్టుకున్నవాళ్లు ఎక్కువ రోజులు ఉండరని ఆమెకు తెలుసు.

ఊచలకు ఇవతల గొంతుక్కూర్చుంది.

"నిన్న పొద్దున రూఫస్ గారింటికి ఎందుకు పోయినావు?"

"పీతలియ్యడానికి. ఆయన ఇంట్లో పెంచే ఆక్టోపస్ బతికున్న పీతలే తింటది. దాన్ని సముద్రంలో కుండేసి పట్టి, ఆయన తొట్టిలో దింపింది కూడా నేనే మేడమ్."

"లోపలికి పోయినావా?"

"పోలేదు. వాకిట్లో బకెట్ పెట్టి పిలిచినా. ఎవురూ పలకలేదు. పెట్టేసి వచ్చినా."

"ఆయనతో నీకు గొడవ జరిగిందంట."

హజరత్తయ్య ఉమ్మి మింగాడు. మింగేటప్పుడు ముఖం వంకర తిరిగింది. "పోయిన వారం బకెట్లో ఒక పీత చచ్చుండాది. దాన్ని నా మొహాన కొట్టినాడు. చెంప మీద కూడా కొట్టినాడు. నా కొడుకంత వయసోడు. నేనూ అన్నా. ఆ నీళ్లలోనే ముంచి చంపుతా అన్నా. ఆ మాట అన్నది నిజమే మేడమ్. పని చేసింది నేను కాదు."

"చేతులు చూపించు."

కష్టం మీద చేతులు చాపాడు. ఆమె ఫోన్ లైట్ వేసి చూసింది. ముంజేతుల మీద గుండ్రటి మచ్చలు, వరసగా, గుండీలు కుట్టినట్టు. ఆక్టోపస్ పట్టుకుంటే పడే మచ్చలు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. అంతకుమించి ఏమీ లేదు. దద్దుర్లు లేవు. కాలిన గుర్తులు లేవు.

"చేతులు చూసి జాతకం చెబుతున్నారా మేడమ్?"

వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నరేంద్రబాబు తలుపు దగ్గర నిలబడి కర్చీఫ్‌తో చేతి వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్‌లో పనిచేశారు. ఆమె రాజీనామా చేసిన రోజు స్వీట్లు పంచినవాడు అతనే.

"ఇతన్ని ముందు ఆసుపత్రికి పంపండి. కడుపులో ఏదో పగిలింది."

"నటన. రాత్రి కూడా ఇట్టాగే పడినాడు. నీళ్లు కొడితే లేచినాడు." నరేంద్రబాబు లోపలికి వచ్చాడు. "వీడి పడవలో ఇనపరాడ్ దొరికింది. చంపుతానని పదిమందిలో అన్నాడు. చేతుల మీద ఆ తొట్టిలో జంతువు పట్టుకున్న గుర్తులున్నాయి. ఇంకేం కావాలి మీకు?"

"రూఫస్ ఎలా చనిపోయినాడని డాక్టర్ చెప్పినాడు?"

"మెడ వెనక దెబ్బ. దాంతో చావలేదు. ఊపిరితిత్తుల్లో ఉప్పునీళ్లున్నాయి. తొట్టిలో తల ముంచి చంపినారు."

"ముఖం?"

"ముఖమంతా కాలినట్టు దద్దులు. ఆ తొట్టిలో పెంచే పువ్వులాంటిది ఉందే, అనెమొనీ. అది కుట్టింది."

"ముఖాన్ని అంతగా కుట్టిందంటే, ఆ ముఖాన్ని అందులోనే అదిమి పట్టిన చేతిని వదిలిపెడుతుందా? ఈ చేతులు చూడండి."

నరేంద్రబాబు ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం ఆమెకు నచ్చింది.

"సముద్రంలో నానిన తోలు మేడమ్ ఇది. దీన్ని ఏదీ కుట్టదు," అన్నాడు. "రూఫస్ భార్య మిమ్మల్ని పెట్టుకుంది కాబట్టి ఆ ఇల్లు చూసుకోండి. నేనూ వస్తా. చూసి మీ ముచ్చట తీర్చుకుంటే నేను చార్జిషీట్ రాసుకుంటా."

బయటికి వస్తూ ఆమె మళ్లీ అంది, ఆసుపత్రికి పంపమని. సాయంత్రం చూద్దాం అన్నాడతను.

* * *

మైపాడు దాటాక సముద్రానికి దగ్గరగా రూఫస్ ఇల్లు. వెనక అతని రొయ్యపిల్లల హేచరీ. తలుపు తీసిన మెర్లిన్ నలభై దాటని మనిషి. తెల్లచీర కట్టుకుని, కొంగు తల మీదుగా కప్పుకుని ఉంది. నరేంద్రబాబు ఏదో అడిగితే వినపడనట్టు ఎడమ చెవి అతని వైపు తిప్పి, "ఏమన్నారు సార్?" అంది. కుడిచెవి దగ్గర కొంగు జారినప్పుడు కింద నల్లగా కమిలిన చర్మం కనిపించింది.

"ఏమైందమ్మా?" అడిగింది ఆనందకుమారి.

"బాత్రూములో జారి పడినా అక్కా."

ఆనందకుమారి ఆ కమిలిన చోటు ఒకసారి చూసి లోపలికి నడిచింది.

అక్వేరియం గది ఇంటికి ఉత్తరాన ఉంది. గోడ పొడుగునా నడుం ఎత్తు బల్ల మీద పెద్ద గాజుతొట్టి. మధ్యలో అరంగుళం మందం ఉన్న అక్రిలిక్ పలక, తొట్టిని రెండు గదులుగా విడదీస్తూ, గాడిలోకి పైనుంచి దింపేలా అమర్చి ఉంది. కుడి గదిలో తెల్లటి దీపాల వెలుతురు. అక్కడ రాతి మీద అనెమొనీ, పళ్లెమంత వెడల్పున, కంబళి పరిచినట్టు, వేలకొద్దీ పొట్టి వేళ్లతో కదులుతూ ఉంది. ఎడమ గది మసక. అడుగున అడ్డుపలకకు దగ్గరగా ఒక మట్టికుండ. ఆక్టోపస్ అందులో లేదు. దూరపు మూలలో, నీటి పైభాగాన గాజుకు కరుచుకుని, రంగు వెలిసిన గుడ్డపేలికలా ఉంది. ఒక కాలి చివర తెల్లబడి చుట్టుకుపోయింది.

కింద నేల మీద రక్తం తుడిచిన మరక ఇంకా గోధుమరంగులో ఉంది. తొట్టి అంచు మీద కూడా.

"ఇది ఎప్పుడూ అక్కడే ఉంటుందా?" ఆక్టోపస్‌ని చూపించి అడిగింది ఆనందకుమారి.

"లేదక్కా. పగలంతా కుండలోనే పడుకుంటది. నిన్నటినుంచి కుండ దగ్గరికి పోవడం లేదు."

"ఈ రెండూ ఒకే తొట్టిలో ఎందుకు పెట్టినారు?"

మెర్లిన్ తొట్టి దగ్గరికి వచ్చింది. మాట్లాడేటప్పుడు గొంతు కాస్త బలపడింది. "ఆయన పట్టుదల. ఎవురూ పెంచలేనిది తను పెంచాలని. రెండూ ఒకే నీళ్లలో బతుకుతాయి అక్కా, ఒకే గదిలో బతకవు. అనెమొనీకి వెలుతురు కావాలి, దీనికి చీకటి కావాలి. ఇది ఊరికే ఉండదు, కనపడిందల్లా తడిమి చూస్తది. అనెమొనీని తడిమితే అది కుట్టుద్ది. దీని చర్మం చానా పలచన, కుట్టినచోట పుండై కుళ్లిపోతాది. అందుకే మధ్యన పలక. నీళ్లు అటూ ఇటూ పోయేదానికి పలకకి బెజ్జాలు."

"ఆ బెజ్జాలు ఎక్కడుండాలి?"

మెర్లిన్ పలక వైపు చూసింది. ఆనందకుమారి అప్పటికే వంగి చూస్తోంది. పెన్సిల్ పట్టేంత బెజ్జాలు, ఒకే వరస, అడుగున ఉన్నాయి. అనెమొనీ ఆ వరస దగ్గరికి జరిగింది. దాని వేళ్లు కొన్ని బెజ్జాల్లోంచి అవతలికి వచ్చి, కుండ మూతికి జానెడు దూరంలో ఊగుతున్నాయి.

తలెత్తి పలక పైభాగం చూసింది. నీటి మట్టానికి పైన నాలుగు వేళ్ల మేర పలక పొడిగా నిలబడి ఉంది. ఆ పొడి భాగమంతా గులాబీరంగు పెచ్చు కట్టి ఉంది, గీరితే ఊడేలా, ఎండి తెల్లబడుతూ.

"ఈ గులాబీ పెచ్చు ఏంది?"

"సముద్రపు పాచి అక్కా. రాళ్ల మీద, గాజు మీద పడతాది."

"నీళ్లలోనే కదా?"

"నీళ్లలోనే."

ఆనందకుమారి చీర కొంగు నడుముకు దోపుకుంది. "నరేంద్రబాబు గారూ, ఇటు రండి. నీళ్లలో ఉండాల్సిన పాచి గాలిలో ఎండిపోతోంది. నీళ్లలో ఉన్న చివర మాత్రం శుభ్రంగా ఉంది. పలక తలకిందులుగా ఉంది. పైన ఉండాల్సిన బెజ్జాలు అడుగుకు పోయినాయి."

"ఉంటే?"

సమాధానంగా ఆమె రెండు చేతులూ నీళ్లలో పెట్టి పలకను పైకి లాగింది. మోచేయి లోపలివైపు అనెమొనీకి రాసుకుంది. అంతే, ఎర్రగా కాలిన అట్లకాడ పెట్టినట్టయింది. పళ్లు బిగబట్టి పలకను బయటికి తీసి బల్లకు ఆనించింది. చూస్తుండగానే ఆమె ముంజేయి మీద ఎర్రటి దద్దులు లేచాయి. అరచేతులకు ఏమీ కాలేదు, చేతి పలచటి చర్మమంతా మండుతోంది.

పలక బరువుగా ఉంది, ఐదారు కిలోలు. పాచి పట్టిన చివర ఒక మూల చిట్లిపోయింది. ఆ మూల దగ్గర అంచు పొడవునా పాచి రాలిపోయి ఉంది.

"మీ ఫోన్‌లో గాయం ఫొటో ఉంది కదా. తీయండి."

నరేంద్రబాబు విసుగ్గా తీసి చూపించాడు. మెడ వెనక గాయం నేరుగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. చుట్టూ జుట్టులో గులాబీరంగు రవ్వలు.

"గుండ్రటి రాడ్‌తో కొడితే చర్మం చితుకుతుంది. ఇలా గీత పడదు," అంది ఆనందకుమారి. "ఈ రవ్వలు తొట్టి నీళ్లలోంచి అంటుకున్నాయని మీరు అనుకున్నారు. ఆ పాచి నీళ్లలో తేలదు, గీరితేనే వస్తుంది. మీరు పడవలో వెతికిన ఆయుధం నిన్నటినుంచి మీ ఎదురుగానే ఉంది. కొట్టినవాడు దీన్ని కడిగి, ఉన్నచోటే పెట్టి పోయినాడు. పెట్టేటప్పుడు ఏ చివర పైకి ఉండాలో వాడికి తెలియదు. ఆక్టోపస్‌ని పట్టి, ఈ తొట్టిలో దింపి, పీతలు వేస్తూ వచ్చిన హజరత్తయ్యకు తెలియకుండా ఉంటుందా?"

నరేంద్రబాబు పలకను చూశాడు. ఫొటోను చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "అయితే ఎవురు?" అన్నాడు. ఈసారి గొంతులో ఎగతాళి లేదు, కోపం ఉంది.

"ఈ గదిలోకి వచ్చిపోయే చనువుండి, వీటి గురించి ఏమీ తెలియనివాడు. వచ్చేముందు హేచరీ పనివాళ్లతో మాట్లాడినాను. మేనేజర్ పెంచలప్రసాద్‌ని పిలిపించండి."

* * *

పెంచలప్రసాద్ కావలి మనిషి. ముప్పై ఐదేళ్లుంటాయి, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. గదిలోకి వచ్చి నేల మీది మరక తొక్కకుండా తప్పుకుని నిలబడ్డాడు.

"నిన్న పొద్దున ఎక్కడున్నావు?" అడిగింది ఆనందకుమారి.

"హేచరీలోనే మేడమ్. నీళ్లు మార్చే పని."

"ఈ గదికి వచ్చినావా?"

"ఈ గదికి నాకేం పని? రొయ్యపిల్లలంటే తెలుసు గానీ ఈ వింత జంతువుల సంగతి నాకేం తెలీదు."

"రూఫస్ నిన్ను పనివాళ్ల ముందు చెప్పుతో కొట్టినాడని విన్నాను."

ప్రసాద్ దవడ బిగిసింది. "ఆయన కొట్టనిది ఎవుర్ని మేడమ్? ఈ ఇంట్లో దెబ్బలు తిననిది ఆ తొట్టిలో ఉండే జీవాలే."

మెర్లిన్ కిటికీ వైపు తిరిగింది.

ఆనందకుమారి ఒక చేత్తో ముంజేయి రుద్దుకుంటూ, మామూలుగా అంది: "సరేలే. ఈ పలక బయటికి తీసినాను, చెయ్యి మండిపోతోంది. కాస్త గాడిలో దింపు ప్రసాద్. లేకుంటే ఆ రెండూ కొట్టుకు చస్తాయి."

అతను ముందుకు వచ్చాడు. పలకను ఎత్తి, తడుముకోకుండా నేరుగా గాడిలో దింపాడు. బెజ్జాలు అడుగుకు పోయాయి. పాచి పట్టిన చివర మళ్లీ గాలిలో నిలబడింది.



"గాడి ఎక్కడుందో ఎవరూ చూపించలేదు," అంది ఆనందకుమారి. "నిన్న ఎట్లా పెట్టినావో ఇప్పుడూ అట్లాగే పెట్టినావు."

ప్రసాద్ కళ్లు పలక మీది నుంచి ఆమె ముఖం మీదికి, అక్కడినుంచి తలుపు దగ్గర ఉన్న నరేంద్రబాబు మీదికి పోయాయి. తరువాత అంతా ఒక్కసారిగా జరిగింది. పలకను గాడిలోంచి పెరికి, నీళ్లు చిమ్ముతుండగా గాలిలో తిప్పాడు. ఆనందకుమారి తల తప్పించింది గానీ భుజం తప్పించలేకపోయింది. ఎముక టప్‌మన్న శబ్దం ఆమెకే వినిపించింది. రెండో ఊపుకు నరేంద్రబాబు గోడకు కొట్టుకుని పడ్డాడు, నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది. ప్రసాద్ పలకను రెండు చేతులా పైకెత్తి, కింద ఉన్న అతని తల మీదికి దించబోయాడు.

ఆనందకుమారి పనిచేస్తున్న భుజంతో అతని నడుం మీద పడింది. ఇద్దరూ వెళ్లి తొట్టికి కొట్టుకున్నారు. పలక నేల మీద పడింది. ప్రసాద్ ఆమె గొంతు పట్టుకుని వెనక్కి వంచాడు. ఆమె జుట్టు నీళ్లలో తడిసింది. ఊపిరి ఆగి కళ్ల ముందు నల్లటి చుక్కలు తిరుగుతుంటే మోకాలితో అతని గజ్జల్లో పొడిచింది. పట్టు వదులైంది. అతని కుడిచేయి పట్టి మెలితిప్పి, భుజం దాకా కుడి గదిలో ముంచింది. అనెమొనీ మీద.

ప్రసాద్ పెట్టిన కేక హేచరీ దాకా వినబడి ఉంటుంది. ఆమె వదల్లేదు. నరేంద్రబాబు లేచి వచ్చి వెనక నుంచి అతని పక్కటెముకల మీద బూటుతో తన్నాడు. ఒకసారి, ఇంకోసారి. మూడోసారి తన్నబోతే ఆనందకుమారి చేయి అడ్డం పెట్టింది.

"ఆపండి. మాట్లాడనివ్వండి."

ప్రసాద్ నేల మీద ముడుచుకుపోయి ఏడుస్తున్నాడు. ముంజేయి నుంచి మోచేతి పైదాకా ఎర్రటి దద్దులు ఉబికి వస్తున్నాయి.

"కొట్టినా," అన్నాడు. "ఉద్యోగం మానేస్తానని చెప్పడానికి వచ్చినా. పలకని బయటికి తీసి గోడకి ఆనించి, తొట్టి గీరతన్నాడు. వెనక్కి తిరక్కుండానే, నువ్వు మానేదేంది, కుక్కని నేను తరిమితే పోవాలి అన్నాడు. ఆ పలకతోనే కొట్టినా. ఒక్క దెబ్బ. కింద పడినాడు. రక్తం కడిగి పలక ఉన్నచోటే పెట్టి పారిపోయినా."

"పడినవాణ్ని లేపి నీళ్లలో ముంచినావు," అన్నాడు నరేంద్రబాబు.

"ముంచలేదు సార్. అంత బరువు మనిషిని నేనొక్కణ్నే ఎట్టా లేపేది? నేను పోయేటప్పటికి గురక పెడతా ఉండాడు. ఊపిరుంది. బిడ్డ మీద ఒట్టు."

"నెత్తిన పడేసరికి అందరూ ఇట్టాగే ఒట్లు పెడతారు." నరేంద్రబాబు బేడీలు వేసి, వరండాలో ఉన్న కానిస్టేబుల్ దగ్గరికి అతన్ని ఈడ్చుకుపోయాడు.

ఆనందకుమారి తొట్టికి ఆనుకుని నిలబడిపోయింది. భుజం కదలడం లేదు. ఆమె చూస్తున్నది తన చేతిని. గంట కూడా కాకముందే ఆ చేయి ఉబ్బి, బొబ్బలెక్కింది. ప్రసాద్ చేయీ ఇప్పుడలాగే ఉంది. ఇందాక పలక దింపేటప్పుడు మాత్రం అతని రెండు చేతులూ మోచేతుల దాకా శుభ్రంగా ఉన్నాయి. ఆమె కళ్లారా చూసింది. ఒక మనిషి ముఖాన్ని ఆ అనెమొనీలో చచ్చేదాకా అదిమి పట్టిన చేతులు అలా ఉండవు.

వంగి పలకను తీసుకుంది. ఈసారి గాడిలో పెట్టలేదు.

"మెర్లిన్."

మెర్లిన్ గోడ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. గొడవ జరుగుతున్నంతసేపూ కేక వేయలేదు, పరిగెత్తలేదు.

"నిన్నటినుంచి ఈ తొట్టిలో పీతలు ఎవరు వేస్తున్నారు?"

"నేనే."

"పలక తిరగబడిందని చూసినావు. ఆక్టోపస్ కాలు కుళ్లిపోతోందని చూసినావు. సరిచేయడానికి ఒక్క నిమిషం పని. చేయలేదు. ఎవరైనా వచ్చి చూడాలని అట్లాగే ఉంచినావు. నన్ను పిలిపించింది అందుకే."

మెర్లిన్ కొంగు తీసేసింది. చెవి నుంచి దవడ దాకా అచ్చంగా అయిదు వేళ్ల గుర్తు కమిలిపోయి ఉంది.

"వాడు పారిపోవడం వంటగది కిటికీలోంచి చూసినా అక్కా," అంది నెమ్మదిగా. "నేను వచ్చేసరికి ఆయన లేచి నిలబడుండాడు. వీపంతా రక్తం. టవల్ తెచ్చినా. నిజంగానే తెచ్చినా. ఆయన నన్ను చూళ్లేదు, పలకనే చూస్తన్నాడు. దీన్ని తిరగేసి పెట్టింది ఎవురు, నువ్వేనా అన్నాడు. చెవి మీద కొట్టినాడు. పడిపోయినా. నేను లేచేలోపల తొట్టి మీదికి వంగి, పలక సరిచెయ్యబోతా ఉండాడు. భయపడబాక తల్లీ, భయపడబాక అంటన్నాడు." ఆగింది. "ఆక్టోపస్‌తో. పదమూడేళ్లలో ఆ గొంతుతో నాతో ఒక్క మాట మాట్లాడలేదు అక్కా. ఆయనకి అట్టాంటి గొంతుందని నాకు తెలీదు."

మెర్లిన్ తన అరచేతుల వైపు చూసుకుంది.

"రబ్బరు గ్లవ్స్ వేసుకున్నా. ఆలోచించి కాదు. ఆ తొట్టిలో చెయ్యి పెట్టాలంటే గ్లవ్స్ వేసుకోవాలని ఆయనే కొట్టి కొట్టి నేర్పించినాడు, అలవాటైపోయింది. తల పట్టుకుని ముంచినా. అప్పటికే సగం బలం లేదు ఆయనకి. కదలడం ఆగినాక కూడా పట్టుకునే ఉన్నా."

"మరి హజరత్తయ్యను పట్టుకుపోతుంటే?"

"సంతకం పెట్టాలంటే స్టేషన్‌కి పోయినా. లోపల ఆయన్ని కొడతన్న చప్పుడు వినబడింది. ఒక మనిషిని కొడితే వచ్చే చప్పుడు నాకు బాగా తెలుసు అక్కా. రాత్రంతా చెవిలో అదే. నిజం చెప్పేదానికి ధైర్యం చాల్లేదు. మీరొస్తే ప్రసాద్ దొరుకుతాడు, ఆ ముసలాయన బయటపడతాడు అనుకున్నా. ముందు ఆయన్ని వదిలిపెట్టమని చెప్పండి. ఆ వెంటనే నేనే వచ్చి ఒప్పుకుంటా. ప్రభువు సాక్షిగా చెబుతున్నా."

వరండాలో ఫోన్ మోగింది. నరేంద్రబాబు ఎత్తిన శబ్దం. "ఎప్పుడు?" అన్నాడు. తరువాత బేడీలు తీసిన గలగల, ఎవరో వాకిట్లో మెల్లగా మొదలుపెట్టి పరుగెత్తిన అడుగులు.

నరేంద్రబాబు లోపలికి వచ్చి తలుపు మూశాడు. గడియ పెట్టాడు. నుదుటి మీది రక్తం సగం ఎండి ముఖం రెండు రంగులుగా ఉంది.

"హజరత్తయ్య పోయినాడు," అన్నాడు. "ఆసుపత్రికి తీసుకుపోతంటే జీపులోనే."

మెర్లిన్ నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది.

"నిన్న సాయంత్రమే నేరం ఒప్పుకున్నాడు. మనసు తట్టుకోలేక గుండె ఆగింది. కేసు ఇక్కడితో అయిపోయింది," అన్నాడు, చదివి అప్పచెబుతున్నట్టు. "ప్రసాద్ ఏమీ చెప్పలేదు. మనమేమీ వినలేదు. మేడమ్, ఆ పలక ఇటివ్వండి."

"ఇది హత్యాయుధం. కోర్టుకు పోతుంది."

"హంతకుడు చచ్చినాడు. వాడి ఆయుధం ఇనపరాడ్. నిరపరాధిని కొట్టి చంపినానని నన్ను ఉరి తీయిస్తారా మీరు?" హోల్‌స్టర్ గుండీ విప్పాడు. "ఇవ్వండి."

ఆనందకుమారి పలకను ఛాతీకి అడ్డంగా పట్టుకుంది. ఒక చేయి పనిచేయడం లేదు, రెండోది బొబ్బలతో మండిపోతోంది. కిటికీకి ఇనుప ఊచలు. తలుపు అతని వెనక ఉంది. పిస్తోలు ఆమె వైపు లేచింది.

మెర్లిన్ గోడ పట్టుకుని లేచింది. నడిచి వచ్చి ఆనందకుమారికి అడ్డంగా నిలబడింది.

"నా భర్తని చంపింది నేను సార్. హజరత్తయ్య కాదు."

నరేంద్రబాబు ఆమె వైపు చూడలేదు. "ఆ మాట నాకు వినపళ్లేదమ్మా," అన్నాడు. "ఇంకోసారి చెప్పబాక. చెబితే వినాల్సొస్తది. వింటే ఈ గదిలోంచి ఇద్దరాడోళ్లు బయటికి పోరు."

పిస్తోలు సేఫ్టీ మీట కిందికి పడిన చప్పుడు ఆ గదిలో అందరికీ వినబడింది.

మెర్లిన్ రెండోసారి చెప్పింది.